తీగలో తప్పిపోయిన తొమ్మిది

మొన్నటి వానాకాలంలో ఒకనాటి రాత్రి, పన్నెండు దాటిన తరవాత, మా పక్కింటివారి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. ఇబ్రహీంపట్నంలో మా కాలనీ సాగరు రోడ్డుకు కాస్త లోపలికి వుంటుంది. ఆ వేళప్పుడు ఆటో దొరకదు. పక్కింటావిడ ఫోను పట్టుకుని మా వరండాలోకి వచ్చి, నా ఎదటే నిలబడి, ఊళ్లోని ఒక ఆసుపత్రికి ఫోను చేసింది. "తొమ్మిదో నంబరు రోడ్డు సార్, తొందరగ పంపుండ్రి" అని రెండుసార్లు చెప్పింది. నేను నా చెవులతో విన్నాను.

ఆసుపత్రి బండి వచ్చింది. కాని ఎనిమిదో నంబరు రోడ్డుకు వచ్చింది. అక్కడ చీకట్లో, వానలో ఇరవై నిమిషాలు తిరిగింది. ఆఖరికి వాళ్లబ్బాయి మలుపు దాకా పరుగెత్తి, దీపం చూసి, చేతులూపి తీసుకువచ్చాడు. దేవుడి దయవల్ల తల్లీ, పిల్లా క్షేమం. ఆడపిల్ల. ఇప్పుడు మా వరండాలోనే బోర్లా పడుతోంది.

పురిటి స్నానం కాకముందే రెండు పక్షాలవారికీ తగాదా వచ్చింది. ఆసుపత్రి గుమాస్తా, "మీరు ఎనిమిదే అన్నారు, నేను రాసుకున్నాను" అని కాగితం చూపించాడు. పక్కింటావిడ "నేను తొమ్మిదే అన్న. కావాలంటె మా అక్కనడుగు" అని నన్ను సాక్ష్యం పిలిచింది. ఇద్దరూ అబద్ధం ఆడే మనుషులు కారు. అదే నన్ను పట్టి పీడించింది. చెప్పినవారూ సరిగ్గానే చెప్పి, రాసుకున్నవారూ విన్నదే రాసుకుంటే, మధ్యలో తొమ్మిది ఎక్కడ తప్పిపోయినట్లు?

ఈ ప్రశ్న ఇంకొకరికి వస్తే మరచిపోయి వుండేవారేమో. నాకు నిద్ర పట్టలేదు. నేను 1979లో హైదరాబాదులో ట్రంకు ఆపరేటరుగా చేరినదాన్ని. ఆ రోజుల్లో దూరపు ఊరికి మాట్లాడాలంటే 180కి ఫోను చేసి బుక్ చేసుకుని, ఆర్డినరీయో, అర్జెంటో, లైట్నింగో చెప్పి, గంటలకొద్దీ కూర్చునేవారు. మన దేశంలో ఆపరేటరు లేకుండా చందాదారే డయల్ చేసుకునే ఎస్.టి.డి. 1960లోనే కాన్పూరు, లక్నోల మధ్య మొదలయింది గాని, అది చిన్న ఊళ్ల దాకా రావటానికి చాలా ఏళ్లు పట్టింది. అందాకా మా నోటి మీదుగానే ఊళ్లు మాట్లాడుకున్నాయి. ఆ నౌకరీలో మాకు మొట్టమొదట నేర్పిన పాఠం, విన్న అంకెను తిరిగి పలికి ఖాయం చేసుకోవటం. అందులోనూ తెలుగులో ఎనిమిది, తొమ్మిది మహా చెడ్డ జంట. రెండింటికీ తోక ఒకటే. తల కాస్త నలిగిందా, ఏది ఏదో బ్రహ్మకు కూడా తెలియదు. తీగలో గరగర వున్న రోజున మేము "తొమ్మిది, పదికి ముందుది" అని పలికేవాళ్లం.

కనుక ఆ రాత్రి ఎవరో తల నలిపారన్నమాట. ఎవరు?

ఆసుపత్రిలో లెక్కలు చూసే ఆయన నన్నెరుగును. "అమ్మా, మీరు టెలిఫోన్సులో పనిచేసినారు కదా. రెండు నెలల నుంచి మాటలు మధ్యమధ్య మింగేస్తున్నయి. లైనువాళ్లు వచ్చి పరీక్షచేసి బయట లైను బంగారం లాగున్నదన్నరు. లోపల పెట్టిన పిల్లవాడేమో దేశం దాటిపోయినాడు. ఆ డబ్బా సంగతి చెప్పేవాడు లేడు" అన్నాడు.

ఆ డబ్బా ఏమిటో చెప్పాలి. ఆసుపత్రికి ముప్ఫయి ఫోను లైన్లు ఒకే కేబులు మీద వస్తాయి. కింద అంతస్తులో చిన్న ఇనప డబ్బా ఆ కేబులును అందుకుంటుంది. అక్కడినుంచి మేడమీద వున్న ఒక కంప్యూటరుకు, మామూలు కంప్యూటర్లను కలిపే నీలం రంగు నెట్‌వర్కు తీగ మీద, ఆ లైన్లన్నీ వెళతాయి. ఆ కంప్యూటరే వాళ్ల ఎక్స్ఛేంజి. డబ్బాకూ కంప్యూటరుకూ మధ్య ఏ భాషలో మాట్లాడుకుంటున్నాయో ఆ పెట్టినవాడికి తెలుసు. ఆయన కాగితం ముక్క కూడా మిగల్చలేదు.

నాకు పాత బల్లలు తెలుసు. తరవాత డిజిటల్ ఎక్స్ఛేంజీలు వచ్చి మా బల్లలు ఖాళీ అయినప్పుడు తర్ఫీదు ఇచ్చి మమ్మల్ని వేరే పనుల్లో వేశారు గనుక అంకెల ఫోను సంగతి కొంత తెలుసు. నెట్‌వర్కు తీగ మాత్రం బొత్తిగా తెలియదు. అది తెలిసిన మనిషి మా ఇంట్లోనే వుంది. మా మనవరాలు చిట్టి. మా ఊరి చుట్టూ చెరువు గట్టు మీద తాటిచెట్లకంటె ఇంజనీరింగు కాలేజీలు ఎక్కువ. అందులో ఒకదాంట్లో ఆఖరు సంవత్సరం చదువుతోంది. విషయం చెప్పగానే, "అమ్మమ్మా, గిది నా ప్రాజెక్టుకు సరిపోతది" అని ఎగిరి గంతేసింది. నేను మాత్రం ముందు ఆసుపత్రి వారి చేత కాగితం మీద అనుమతి రాయించుకున్నాను. ఎందుకో తరవాత చెబుతాను.

మర్నాడు చిట్టి తన కంప్యూటరుతో వెళ్లి, ఆ తీగలో పోతున్న దాన్ని పది సెకండ్లు పట్టుకు వచ్చింది. పది సెకండ్లలో పదివేల మూటలు! నెట్‌వర్కువారు ఒక్కొక్క మూటను ఫ్రేము అంటారు. అన్నీ ఒకే కొలత, సరిగ్గా 286 బైట్లు. వాటిలో ఒకటి రెండింటిని కాగితం మీద అచ్చు వేసి నా ముందు పెట్టింది. చూస్తే అంకెలూ, అక్షరాలూ కలగాపులగం. పంచాంగంలో గ్రహాల పట్టికలా వుంది.

"ఇది పదహారు అంకెల లెక్క అమ్మమ్మా. తొమ్మిది తర్వాత ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్. ఎఫ్ అంటే పదిహేను. పదహారు కాంగనె పక్కన ఒకటి" అని బోధించబోయింది.

"ఓసి పిచ్చిదానా, ఇది అణాల లెక్క" అన్నాను. మా అమ్మ బజారు లెక్కలన్నీ అణాల్లోనే చూసేది. 1957లో నయాపైసలు వచ్చినా ఆవిడ నోటికి అణా పోలేదు. పదహారణాలు రూపాయి. '1ఎఫ్' అంటే రూపాయి పదిహేనణాలు, అంటే ముప్ఫయి ఒక్క అణా. చిట్టికి అణాలు తెలియవు, నాకు వాళ్ల కాలేజీ పేరు తెలియదు గాని, లెక్క ఒకటే. ఇకనేం, ఇద్దరం భోజనాల బల్ల మీద కాగితాలు పరచి కూర్చున్నాం.

నెట్‌వర్కు ఫ్రేముకు ముందు పన్నెండు బైట్లు చిరునామాలు. ఎవరికి, ఎవరి నుంచి అని చెరో ఆరు. ఆ తరవాత రెండు బైట్లు సరుకు ఏ జాతిదో చెప్పే చీటీ. మనం కంప్యూటర్లో చూసే వార్తలూ, బొమ్మలూ మోసే ఫ్రేములకు ఆ చీటీ మీద సాధారణంగా 0800 వుంటుందట. ఈ ఏర్పాటు 1973లో అమెరికాలో జిరాక్సు కంపెనీ పరిశోధనాలయంలో రాబర్టు మెట్‌కాఫ్ ఆలోచించిన ఈథర్‌నెట్టు నుంచి వచ్చినది. మా కాగితం మీద చీటీ చోట 'డి00డి' అని వుంది. చిట్టి పకపకా నవ్వింది. సున్నాల్ని ఇంగ్లీషు 'ఓ' అనుకుని చదివితే, వాళ్ల ఈడు పిల్లలు ఒకరినొకరు పిలుచుకునే మాటలా వుంటుందట. ఏ ప్రమాణ గ్రంథంలోనూ లేని సరుక్కి ఎవరో చిలిపివాడు వేసిన గుర్తు కాబోలనుకున్నాం.

చీటీ తరవాత ఎనిమిది బైట్లు వదిలేసి, ఇంకా ముందుకు పోతే పదహారు సున్నాలు. ఆ తరవాత ఫ్రేము చివరిదాకా చాలా చోట్ల 'డి5 డి5 డి5 డి5' అని ఎనిమిదేసి చొప్పున వుంది. అది చూడగానే నాకు ఒళ్లు ఝల్లుమంది. పాత స్నేహితురాలు జనంలో కనిపించినట్లయింది.

"చిట్టీ, ఇది నిశ్శబ్దమే" అన్నాను.

ఇక్కడ పాఠకులకు కొంచెం వెనకటి కథ చెప్పాలి. మాట అంటే గాలిలో అల. దాన్ని అలాగే తీగలో పంపితే దూరం పోయినకొద్దీ గరగర చేరి మాట చెడిపోతుంది. 1937లో పారిస్‌లో పనిచేస్తున్న అలెక్ రీవ్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరుకు ఒక ఉపాయం తోచింది. అలను పంపటం ఎందుకు, క్షణక్షణమూ దాని ఎత్తు కొలిచి ఆ అంకెలు పంపితే పోలేదా? అంకె చేరితే చేరుతుంది, లేకపోతే లేదు, దానికి గరగర అంటదు. మర్నాడే ఫ్రాన్సులో పేటెంటు పుచ్చుకున్నాడనుకోకండి, 1938లో పుచ్చుకున్నాడు. పాపం, ఆనాటి వాల్వులతో ఆ యంత్రం కట్టటం మోయలేని ఖర్చు. ట్రాన్సిస్టర్లు వచ్చి, 1962లో అమెరికాలో అది జనానికి ఉపయోగపడేసరికి ఆయన పేటెంటు గడువు కూడా తీరిపోయింది.

ఫోనులో మన గొంతును సెకండుకు 8,000 సార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలతకు ఒక బైటు. చిన్న చప్పుళ్లకు సన్నని కొలబద్ద, పెద్ద చప్పుళ్లకు మోటు కొలబద్ద వాడతారు. ఈ కొలబద్దల పద్ధతి యూరపుకూ మనకూ ఒకటి, అమెరికాకూ జపానుకూ వేరొకటి. మన పద్ధతిలో ఇంకో చమత్కారం వుంది. ఎవరూ మాట్లాడనప్పుడు వరసగా సున్నాలు పోతే తీగ చచ్చిపోయినట్లుంటుంది, అవతలి యంత్రానికి తాళం తప్పుతుంది. అందుకని ప్రతి బైటులోనూ ఒకటి విడిచి ఒకటి తలకిందులు చేసి పంపుతారు. దానితో నిశ్శబ్దం 'డి5' అవుతుంది. అంటే ఎవరూ మాట్లాడకపోయినా తీగ మాత్రం కునుకు తీయదన్నమాట. తర్ఫీదులో ఆ మాట విన్నప్పుడు మా బల్లల దగ్గర రాత్రి డ్యూటీ గుర్తుకు వచ్చి మేమంతా నవ్వుకున్నాం.

ఇక ముప్ఫయి లైన్లు ఒకే కేబులు మీద ఎలా వస్తాయి? ఆర్.టి.సి. బస్సు అనుకోండి. ముప్ఫయి రెండు సీట్లు. సెకండుకు 8,000 బస్సులు వెళతాయి. ఎవరి సీటు వారిదే. మూడో సీటు ఎప్పుడూ మూడో లైను వారిది. వారు రాకపోతే ఆ సీటులో డి5 అనే తువాలు వేసి ఆపి వుంచుతారు. 0వ సీటు డ్రైవరుది, బస్సు ఎక్కడ మొదలో దాన్నిబట్టి తెలుస్తుంది. 16వ సీటు కండక్టరుది. ఎవరు ఎవరికి ఫోను చేస్తున్నారు, ఎవరు పెట్టేశారు అనే కబుర్లన్నీ ఆయన నోటి మీదుగా నడుస్తాయి. మిగిలిన ముప్ఫయి సీట్లూ మాటలకు. అమెరికావారి బస్సుకు మాత్రం ఇరవై నాలుగే సీట్లు, ఈ కబుర్లకు వాళ్లు ఇరవై నాలుగోది వాడతారు.

ఆ ఇనప డబ్బా చేస్తున్న పనల్లా ఇదే. ఎనిమిది బస్సులు వచ్చేదాకా ఆగి, ప్రయాణికుల్ని దింపి, ఒకటో సీటువాళ్లు ఎనిమిదిమందీ ఒకచోట, రెండో సీటువాళ్లు ఎనిమిదిమందీ ఒకచోట నిలబెట్టి, అందరినీ ఒక లారీలో ఎక్కించి నెట్‌వర్కు తీగ మీదికి తోలుతుంది. డ్రైవరు దిగిపోతాడు. అందుకే ముప్ఫయి ఒకటి. ఎనిమిదేసి బైట్ల చొప్పున 248. సెకండుకు వెయ్యి లారీలు.

చిట్టి పదహారో గుంపు దాకా వేలు పెట్టి లెక్కపెట్టింది. అక్కడ డి5 లేదు, '7ఇ 7ఇ 7ఇ' అని వుంది. "అమ్మమ్మా, గిది మాకు పాఠంలున్నది! చెప్పేటందుకు కబురు లేనప్పుడు గిదే పంపుతరు" అని అరిచింది. నిశ్శబ్దం నేను పోల్చుకున్నాను, కండక్టరును అది పోల్చుకుంది. ఇకమీద మాకు అనుమానం లేదు.

మేము వదిలేసిన ఎనిమిది బైట్లు మళ్లీ చూశాం. మొదటి రెండూ డబ్బాకున్న రంధ్రాల్లో ఏదో చెప్పేవి. తరవాతిది 08, అంటే ఎనిమిది బస్సులు. దాని పక్కది జెండాలు, అవతల ప్రమాదమేమైనా వున్నదా లేదా అని. చివరి రెండూ '00 1ఎఫ్'. మా అమ్మ వుంటే తడుముకోకుండా చెప్పేది, రూపాయి పదిహేనణాలు, ముప్ఫయి ఒక్క సీటు. మధ్యలో రెండు బైట్లు మాత్రం ఒక్కొక్క ఫ్రేముకూ ఒకటి చొప్పున పెరుగుతూ పోతున్నాయి. లారీ నంబరు! 65,535 దాకా పోయి మళ్లీ సున్నాకు వస్తుంది. సెకండుకు వెయ్యి చొప్పున, అరవై అయిదున్నర సెకండ్లకొక చుట్టు.

ఇదంతా రెండు రోజుల కష్టం. మూడోనాడు చిట్టి తల పట్టుకుని వచ్చింది. నెట్‌వర్కు మూటల్ని విప్పి చూపే వైర్‌షార్క్ అనే ఉచిత సాధనం వుంది. కొత్తది తెచ్చి అందులో మా ఫ్రేము పెడితే, దాని పేరు, లారీ నంబరు, సీట్ల లెక్క అన్నీ క్షణంలో చెప్పేసిందట. అంతేకాదు, ఈ ఫ్రేము కట్టిన ప్రోగ్రాము మొదట్లోనే, ఏ బైటులో ఏముందో తాపీగా రాసిపెట్టారట. మేము ఊహించినదానికీ దానికీ తేడా లేదు. ఆ పదహారు సున్నాలు మాత్రం మాకు తెలియలేదు. పాత రకం లైన్లకు రిసీవరు ఎత్తారా, పెట్టారా అనేది లైనుకు నాలుగు బిట్ల చొప్పున అక్కడ వేస్తారట. మా ఆసుపత్రికి కండక్టరు వేరే వున్నాడు గనుక అవి ఖాళీ.

దాని కథ కూడా చిట్టే చెప్పింది. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే కుర్రవాడు చిన్న వ్యాపారం పెట్టుకుని, ఫోను ఎక్స్ఛేంజి కొనేందుకు డబ్బు లేక, కంప్యూటరుతోనే ఎక్స్ఛేంజి చేసుకున్నాడు. దాని పేరు ఆస్టరిస్క్, అంటే ఫోను మీద వుండే చుక్క గుర్తు. దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఫోను తీగను కంప్యూటరుకు కలిపే భాగానికి మెక్సికో విప్లవకారుడు జపాటా పేరు మీద జాప్టెల్ అని పేరు వుండేది, 2008లో మార్చారు. మా డి00డి అందులోదే. ఫోను లైన్లను ప్యాకెట్ల మీద పంపటానికి 2006, 2007లలో అంతర్జాతీయ ప్రమాణాలు కూడా వచ్చాయి. కాని ఇల్లు కట్టుకున్నవాడు తన తలుపుకు తానే గొళ్లెం చేయించుకున్నట్లు, ఇది అలాగే వుండిపోయింది. మేలు ఏమిటంటే, గొళ్లెం ఎలా తీయాలో గోడమీద రాసి వుంచారు. అది లేని డబ్బాలు లోకంలో ఎన్ని వున్నాయో!

ఇప్పుడు నాకు మనసులో మెదులుతూ వున్న సంగతికి వస్తాను.

ఫ్రేములు విప్పటం వచ్చిన సాయంత్రమే చిట్టి ఒక చిన్న ప్రోగ్రాము రాసింది. ప్రతి లారీలోంచీ ఒకే సీటువాళ్లను దింపి, వరసగా దండ గుచ్చి, చప్పుడుగా మార్చి వినిపించేది. పరీక్షకు నేను ఇంటి నుంచి ఆసుపత్రికి ఫోను చేసి ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాలి, అది అక్కడ పట్టుకోవాలి. అలాగే చేశాం. చిట్టి ఇంటికి వచ్చి, ఉత్సాహంగా మీట నొక్కింది. నా గొంతు కాదు. ఎవరో మగమనిషి, పెద్దాయన, "డాక్టరమ్మా, మా యింటామె..." అన్నాడు.

"ఆపు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

చిట్టి బెదిరిపోయి ఆపేసింది. పొరపాటున పక్క సీటు పట్టుకుంది. అంతే. కాని ఆ పెద్దాయన గొంతు నాకు రాత్రంతా వినిపించింది. ఆయన భార్యకు ఏమయిందో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. మా నౌకరీ రోజుల్లో కాల్ కలిసిందో లేదో చూడటానికి ఒక్క క్షణం వినక తప్పేది కాదు. ఎన్ని చావు కబుర్లు, ఎన్ని పెళ్లి బేరాలు మా చెవుల మీదుగా పోయాయి! విన్నది పెదవి దాటకూడదు. ఇంట్లో మొగుడికి కూడా చెప్పకూడదు. అనుమతి లేకుండా కబురు తెలుసుకోవటం 1885 నాటి టెలిగ్రాఫు చట్టంలోనే నేరం. 2023లో కొత్త చట్టం వచ్చినా ఆ మాట మారలేదు. నేను మొదటే ఆసుపత్రివారి చేత కాగితం రాయించుకున్నది అందుకే. కాని ఆసుపత్రి అనుమతి ఇస్తే ఆ పెద్దాయన ఇచ్చినట్లా? కాగితం రాయించినప్పుడు ఆ ప్రశ్న నాకు తోచనే లేదు. అది నా తప్పు.

చిట్టి కళ్లనీళ్లు పెట్టుకుంది. "వినకపోతె తప్పు ఎట్ల దొరుకుతది అమ్మమ్మా?" అంది.

న్యాయమైన ప్రశ్నే. ఇద్దరం మళ్లీ కాగితం ముందు కూర్చున్నాం. చిరునామాలు 12, చీటీ 2, ఆ పైన 8. మొత్తం 22 బైట్లు. మాట మొదలయ్యేది ముప్ఫయి ఎనిమిది దాటిన తరవాత. లారీ నంబరు మాత్రం ఈ ఇరవై రెండులోనే వుంది. లారీలు తప్పిపోతున్నాయా లేదా తెలియటానికి లారీల్లో ఎవరున్నారో చూడటం ఎందుకు? నంబర్లు చూస్తే చాలదూ? పట్టుకునే సాధనానికి "ప్రతి ఫ్రేములోనూ మొదటి 22 బైట్లు మాత్రమే తీసుకో" అని చెప్పే వీలు వుందిట. చిట్టి పాత ఫైళ్లన్నీ నా ఎదటే చెరిపేసి, మర్నాడు ఆ విధంగా పట్టుకు వచ్చింది. అందులో ఒక్క మాట కూడా లేదు. వట్టి నంబర్లే.

వాటిల్లోనే దొంగ దొరికాడు. నంబర్లు నిమిషాలకొద్దీ వరసగా వస్తాయి, హఠాత్తుగా ఎగిరిపోతాయి. ఒకచోట నలభై, ఒకచోట నూట యాభై, ఒకచోట దాదాపు రెండు వందలు. ఒక్క లారీ పోతే వెయ్యో వంతు సెకండు పోయినట్లు. చిటుక్కుమంటుంది, అంతే. రెండు వందలు పోతే సెకండులో అయిదో వంతు. 'తొమ్' అనటానికి అంతకంటె ఎక్కువ పట్టదు. మిగిలినది '...మిది'. పాపం గుమాస్తా దానికి తనకు తోచిన తల అతికించాడు. మాటకు ఈ లారీల్లో మళ్లీ పంపే ఏర్పాటు లేదు. కండక్టరు కబురు చెడితే అవతలివాడు గుర్తుపట్టి మళ్లీ చెప్పమంటాడు గనుక ఫోను కలవటం మామూలుగా కలుస్తూనే వుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఎందుకు పోతున్నాయి? ఆ ఎగుళ్లు వచ్చిన వేళలు చిట్టి రాసుకుని ఆసుపత్రివారి ముందు పెట్టింది. లెక్కలు చూసే ఆయన కాసేపు చూసి నాలుక కరుచుకున్నాడు. రెండు నెలల కిందట వరండాలలో కెమెరాలు పెట్టించారు. ఆ బొమ్మల్ని నిలవ చేయటానికి వేరే కంప్యూటరు దండగని, ఫోను కంప్యూటరుకే ఆ పని కూడా అప్పగించారు. కెమెరాల బొమ్మలూ, ఫోను లారీలూ అన్నీ మేడమీదికి పోయే ఒకే తీగలో దూరాలి. బొమ్మలు గుంపుగా వచ్చినప్పుడు సందు దొరకని లారీల్ని మధ్యనున్న స్విచ్చి పారేస్తోంది. చెరువు తూము ఒకటే వుండి, మీది నుంచి రెండు వాగులు ఒక్కసారి వచ్చి పడితే గట్టు మీదినుంచి పొర్లిపోయినట్లు. బొమ్మలో ఒక ముక్క పోతే ఎవరికీ నష్టం లేదు. పోయినవి రెండు కాలాలపాటు కాన్పు గదికి వచ్చిన ఫోను మాటలు.

ఇందులో ఎవరిని తప్పు పట్టాలో నాకు తెలియదు. కెమెరాలు అడిగినవారు భద్రత కోసమే అడిగారు. పెట్టినవాడికి ఆ తీగలో ఫోను వున్నదని తెలియదు. ఫోను పెట్టినవాడికి ఈ తీగ విడిగా వుండాలని తెలుసు. తెలిసినదాన్ని ఒక కాగితం మీద రాసి డబ్బాకు అంటించి పోలేదు. నాకు కోపం వచ్చినది అక్కడే.

మరమ్మతు ఎంతసేపు? కంప్యూటరుకు ఇంకొక నెట్‌వర్కు కార్డు, డబ్బా నుంచి దానికి సరాసరి ఒక తీగ. మధ్యన స్విచ్చి లేదు, కెమెరాలు లేవు. ఒక పూట పని. ఆ రాత్రి చిట్టి మళ్లీ ఇరవై రెండు బైట్లు పట్టి చూసింది. తెల్లవార్లూ నంబరు తరవాత నంబరు, ఒక్క ఎగుడు లేదు. చుట్టు తిరిగి సున్నాకు వచ్చిన చోట కూడా, పూసలో పూస.

ఆ గుమాస్తా ఒకనాడు పక్కింటావిడ ఎదటపడి, "అమ్మా, మీరు తొమ్మిదే అన్నరు. నాకే ఎనిమిది వినబడ్డది" అన్నాడు. ఆవిడ "పోనీ తియ్యి బిడ్డా" అని పిల్లను చూపించి బెల్లం ముక్క పెట్టింది.

ఇప్పుడు డబ్బా వున్న బీరువా తలుపు లోపల ఒక కాగితం అంటించి వుంది. ఏ తీగ ఎటు పోతుందో, ఫ్రేములో ఏ బైటు ఏమిటో, ఈ తీగకు ఇంకేదీ ఎందుకు కలపకూడదో చిట్టి ముత్యాలకోవలా రాసింది, తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ. ముప్ఫయి ఎనిమిదో బైటు దగ్గర ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీసి, "ఇక్కడినుంచి పరుల మాటలు" అని రాయించింది నేను. కింద తారీఖు వేసి సంతకం చేసింది చిట్టి. నన్ను కూడా చేయమంది. హోదా ఏమని రాయమంటావే అని అడిగితే, కలం నా చేతికిచ్చి, "ట్రంకు ఆపరేటర్ అని రాయి అమ్మమ్మా" అంది. రాశాను.